మన కాగితం మనం అడుగుదాం: సమాచార హక్కు చట్టం, ఉద్యోగ రికార్డులు

మన హాస్టల్ వార్షికోత్సవ సంచికలో ఏటా పోటీ పరీక్షల గురించి, ఇంగ్లీషు భయం పోగొట్టుకోవడం గురించి, వ్యక్తిత్వ వికాసం గురించి అన్నలు రాస్తూనే ఉన్నారు. అవన్నీ చదివి పెరిగినవాళ్లమే మేమూ. ఈసారి మాత్రం కాగితాల గురించి రాయాలనుకున్నాం. పని దొరకడం ఒక ఎత్తయితే, ఆ పనికి సంబంధించిన కాగితం మన చేతిలో ఉండడం ఇంకో ఎత్తు.

మనలో చాలామంది అమ్మానాన్నలు ఎవరో ఒకరి రిజిస్టరులో ఒక పేరుగా బతుకుతున్నవాళ్లే. మున్సిపాలిటీలో రోడ్లు ఊడ్చేవాళ్లు, ప్రభుత్వ ఆసుపత్రి వార్డుల్లో పనిచేసేవాళ్లు, బడిలో మధ్యాహ్న భోజనం వండేవాళ్లు, మన హాస్టళ్లలోనే వంటమనుషులు, కామాటీలు, వాచ్‌మన్‌లు. వాళ్ల హాజరు ఒక పుస్తకంలో, జీతం ఒక బిల్లులో, పీఎఫ్ ఒక చలానాలో ఉంటుంది. ఇరవై ఏళ్లు పనిచేసినా ఆ పుస్తకం ఒక్కసారి తెరిచి చూసినవాళ్లు తక్కువ. చూపించమంటే "నీకెందుకు?" అని అడుగుతారు. ఆ ప్రశ్నకు జవాబు చెప్పనక్కర లేదని చట్టంలోనే ఉంది. సమాచార హక్కు చట్టం సెక్షన్ 6(2) ప్రకారం, అడిగేవారు ఎందుకు అడుగుతున్నారో చెప్పాల్సిన పని లేదు.

ఈ చట్టం 2005 అక్టోబరు 12 నుంచి పూర్తిగా అమల్లోకి వచ్చింది. దీన్ని చదువుకున్నవాళ్ల చట్టమని, విలేకరుల చట్టమని మన ఊళ్లలో అనుకుంటారు. అది పుట్టిన చోటు చూస్తే ఆ మాట నిలవదు. రాజస్థాన్‌లో కరువు పనులకు వెళ్లిన కూలీలకు చెప్పిన కూలీ ఒకటి, చేతికి వచ్చింది ఒకటి. అడిగితే "మీరు చేసిన పని ఇంతే, కొలతల్లో ఇలాగే ఉంది" అనేవారు. అయితే ఆ కొలతల పుస్తకం, మస్టర్ రోల్ చూపించండని కూలీలు అడిగారు. అవి ప్రభుత్వ రహస్యాలన్నారు. 1990లో అరుణా రాయ్, నిఖిల్ డే, శంకర్ సింగ్ తదితరులు అక్కడి కూలీలు, రైతులతో కలిసి మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ పెట్టారు. 1994 డిసెంబరులో కోట్ కిరానా అనే ఊరిలో జనం ముందు రికార్డులు చదివించారు. 1996లో బ్యావర్ పట్టణంలో నలభై రోజులు ధర్నా చేశారు. "హమారా పైసా, హమారా హిసాబ్" అన్నది వాళ్ల నినాదం. మా డబ్బు, మా లెక్క అని అర్థం. అంటే ఈ చట్టానికి మూలం ఒక కూలి రికార్డే. మస్టర్ రోల్ అనే మాట తెలియని విలేకరులు ఉంటారేమో గానీ, తెలియని కూలిమనిషి మన ఊళ్లలో ఉండరు. 2006 ఫిబ్రవరి 2న ఉపాధి హామీ పథకం అనంతపురం జిల్లా బండ్లపల్లిలోనే మొదలైంది. ఆ తర్వాత సామాజిక తనిఖీల్లో మస్టర్లు పైకి చదవడం మన ఊళ్లలో చాలామంది చూశారు. 2025 డిసెంబరులో పార్లమెంటు ఆ చట్టం స్థానంలో వేరే చట్టం తెచ్చింది. అయినా పాత సంవత్సరాల మస్టర్లు, చెల్లింపుల రికార్డులు కార్యాలయాల్లో ఉన్నంతకాలం అడగవచ్చు.

ఇక అడగడం ఎలాగో చూద్దాం. తెల్లకాగితం చాలు, ఫారం లేదని ఎవరైనా తిప్పి పంపితే నమ్మకండి. తెలుగులో రాయవచ్చు. చట్టం ఇంగ్లీషు, హిందీలతో పాటు ఆ ప్రాంతపు అధికార భాషను కూడా ఒప్పుకుంది. రాయడం రానివారు నోటితో చెబితే దాన్ని కాగితం మీద పెట్టడానికి ప్రజా సమాచార అధికారి సాయం చేయాలి. ఈ మాట సెక్షన్ 6(1)లో ఉంది, కానీ దీన్ని వాడుకున్నవాళ్లను మేమింకా చూడలేదు. ఆ సాయం కోసం ఎదురుచూడడం కంటే చదువుకున్న పిల్లలు రాసిపెట్టడమే మేలు. రుసుము మన రెండు రాష్ట్రాల్లో గ్రామ స్థాయి కార్యాలయానికి లేదు, మండల స్థాయికి 5 రూపాయలు, ఆపైన 10 రూపాయలు. నకలుకు పేజీకి 2 రూపాయలు. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవారికి ఏ రుసుమూ లేదు, రేషన్ కార్డు నకలు జతచేస్తే సరిపోతుంది. జవాబు 30 రోజుల్లో రావాలి. మనం అడిగిన కాగితం వేరే కార్యాలయంలో ఉంటే, మన దరఖాస్తును 5 రోజుల్లో వాళ్లే అక్కడికి పంపాలి.

పీఎఫ్ కార్యాలయం, రైల్వే, ప్రభుత్వ రంగ బ్యాంకులు, పోస్టాఫీసు కేంద్ర ప్రభుత్వం కిందివి. వాటికి 10 రూపాయల పోస్టల్ ఆర్డరుతో పంపవచ్చు, కేంద్రం పెట్టిన ఆర్టీఐ ఆన్‌లైన్ పోర్టల్‌లోనూ వేయవచ్చు. తహసీల్దారు కార్యాలయానికీ, మున్సిపాలిటీకీ మాత్రం ఆ పోర్టల్‌లో వేయకండి. అది కేంద్ర కార్యాలయాలకే. రాష్ట్ర కార్యాలయానికి వేసిన దరఖాస్తు వెనక్కి వస్తుంది, కట్టిన పది రూపాయలు మాత్రం రావు.

అసలు మెలకువ ప్రశ్న రాయడంలో ఉంది. మనవాళ్లు రాసే దరఖాస్తులు ఎక్కువగా ఇలా ఉంటాయి: "నేను పదేళ్లుగా పనిచేస్తున్నాను, నాకు జీతం ఎందుకు పెంచలేదు? నాకు న్యాయం ఎప్పుడు చేస్తారు?" దీనికి అధికారి రాసే జవాబు కూడా మాకు కంఠతా వచ్చు. "ఎందుకు, ఎప్పుడు అన్నవి సమాచారం నిర్వచనంలోకి రావు." అన్యాయంగా కనిపించినా ఆ జవాబు చాలాసార్లు చట్టం ముందు నిలుస్తుంది. చట్టంలో సమాచారం అంటే కార్యాలయం దగ్గర ఏదో ఒక రూపంలో ఉన్నది. రికార్డు, పత్రం, మెమో, ఉత్తర్వు, కాంట్రాక్టు, నివేదిక, ఈమెయిలు. లేని దాన్ని పుట్టించి ఇవ్వమని అడగలేం. కనుక "ఎందుకు" అనే ప్రశ్నను ఒక కాగితం పేరుగా మార్చుకోవాలి. జీతం ఎందుకు పెంచలేదు అని కాక, "ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు నా వేతనం నిర్ణయించిన ఉత్తర్వుల నకలు, ఆ ఫైలులోని నోట్‌ఫైలు పేజీల నకలు ఇవ్వండి" అని రాయాలి. నోట్‌ఫైలు అంటే ఒక ఫైలు మీద గుమాస్తా మొదలుకొని పై అధికారి వరకు ఎవరేం రాశారో ఉండే పేజీలు. "ఎందుకు" అన్నదానికి జవాబు ఉండేది అక్కడే. నోట్‌ఫైలు కూడా సమాచారమే.

కాబట్టి కాగితాల పేర్లు తెలియాలి. ప్రభుత్వ ఉద్యోగి అయితే ముందుగా సర్వీసు రిజిస్టరు. చేరిన తేదీ, పుట్టిన తేదీ, ఇంక్రిమెంట్లు, సెలవులు, శిక్షలు అన్నీ అందులోనే ఎక్కుతాయి. ఉద్యోగంలో ఉన్న అన్నలు ఏటా ఒకసారి దాన్ని చూసుకోవాలని మా మనవి. పదవీ విరమణ రోజున పుట్టిన తేదీ తప్పు పడిందని తెలిస్తే అప్పుడు చేసేదేమీ ఉండదు. ఆ తర్వాత హాజరు పట్టీ, జీతాల బిల్లు, జీతం ముట్టినట్టు సంతకాలు పెట్టే అక్విటెన్స్ రిజిస్టరు, నియామక ప్రొసీడింగ్స్, సీనియారిటీ జాబితా. ఔట్‌సోర్సింగ్ వాళ్లకు సర్వీసు రిజిస్టరు ఉండదు. వాళ్ల జీవితం ఏజెన్సీతో చేసుకున్న ఒప్పందంలో, ఏజెన్సీ నెలనెలా పెట్టే బిల్లులో, ఆ బిల్లుకు జతచేసే పీఎఫ్, ఈఎస్ఐ చలానాల్లో ఉంటుంది. ఈ చివరి మాట కాస్త వివరంగా చెప్పాలి. మా ఇంటి సంగతి కూడా ఇదే.

మా నాయన ఒక పురపాలక సంఘంలో ఏజెన్సీ కింద పారిశుద్ధ్య కార్మికుడు. మా ఇంట్లో డిగ్రీ చదివింది మేమే మొదలు కనుక, ఫోనులో పీఎఫ్ పాస్‌బుక్ తెరిచి చూసిందీ మేమే మొదలు. ఏజెన్సీ మారినప్పుడు పాత ఖాతా చూద్దామని తెరిచాం. రెండేళ్ల మూడు నెలల పనిలో పదకొండు నెలలకు జమ లేదు. జీతంలో మాత్రం ప్రతి నెలా కోత పడింది. ఆఫీసుకు వెళ్లి అడిగితే "అది ఏజెన్సీవాళ్లది, మాకు సంబంధం లేదు" అన్నారు. ఏజెన్సీ వాళ్ల ఫోను పలకలేదు.

సంబంధం లేదన్న మాట నిజం కాదు. కాంట్రాక్టరు జీతం ఇవ్వకపోతే పని చేయించుకున్న ప్రధాన యజమాని ఇవ్వాలన్న సూత్రం 1970 నాటి కాంట్రాక్టు కార్మికుల చట్టంలో ఉండేది. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన కొత్త కార్మిక కోడ్‌లోనూ అది ఉంది. పీఎఫ్ విషయంలోనూ 1952 నాటి పథకం కాంట్రాక్టు కార్మికుల వాటా కట్టే బాధ్యత ప్రధాన యజమాని మీదే పెట్టింది. ఇదంతా తర్వాత వాదించుకునే సంగతి. ముందు కాగితం కావాలి. సమాచార హక్కు చట్టంలో సెక్షన్ 2(ఎఫ్) చివర ఒక చిన్న వాక్యం ఉంది. ఒక ప్రైవేటు సంస్థకు సంబంధించిన సమాచారాన్ని ఇతర చట్టాల కింద ప్రభుత్వ సంస్థ తెప్పించుకోగలిగితే, అది కూడా మనం అడగదగిన సమాచారమే. ఔట్‌సోర్సింగ్ కార్మికుల పిల్లలు ఈ వాక్యం గుర్తుపెట్టుకోవాలి. ఏజెన్సీకి నేరుగా దరఖాస్తు వేయలేం గానీ, ఏజెన్సీ కాగితాలను ఆఫీసు ద్వారా అడగగలం.

నాయన పేరుతో మేము రాసిన దరఖాస్తు సారాంశం ఇది. మీరు పేర్లు, తేదీలు మార్చి వాడుకోవచ్చు.

"ప్రజా సమాచార అధికారి గారికి, ఫలానా పురపాలక సంఘ కార్యాలయం. విషయం: సమాచార హక్కు చట్టం 2005, సెక్షన్ 6(1) కింద దరఖాస్తు. అయ్యా, నేను మీ కార్యాలయంలో ఫలానా ఏజెన్సీ ద్వారా ఫలానా వార్డులో పారిశుద్ధ్య కార్మికుడిగా ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు పనిచేసి ఉన్నాను. ఈ కింది వాటి ధ్రువీకరించిన నకళ్లు ఇప్పించగలరు. ఒకటి, సదరు ఏజెన్సీతో కార్యాలయం చేసుకున్న ఒప్పందం. రెండు, ఆ కాలంలో ఏజెన్సీ ప్రతి నెలా సమర్పించిన బిల్లులు, వాటిపై జరిగిన చెల్లింపు వోచర్లు. మూడు, ఆ బిల్లులకు జతపరచిన పీఎఫ్, ఈఎస్ఐ చలానాలు, నా పేరు ఉన్న మేరకు కార్మికుల వారీ జాబితా. నాలుగు, నా హాజరు నమోదైన పేజీలు. ఇతరుల పేర్లు ఉన్నచోట సెక్షన్ 10 ప్రకారం వాటిని కప్పి మిగిలిన భాగం ఇవ్వవచ్చు."

చివరి వాక్యం ఊరికే పెట్టలేదు. ఒక పేజీలో పది మంది పేర్లున్నాయని మొత్తం పేజీ నిరాకరించడం అలవాటు. ఇవ్వకూడని భాగం తీసేసి మిగతాది ఇవ్వాలని సెక్షన్ 10 చెబుతుంది. ఆ మాట మనమే ముందుగా రాస్తే ఆ దారి మూసినట్టే.

ఇరవై ఎనిమిదో రోజున జవాబు వచ్చింది. అడిగిన సమాచారం ఏజెన్సీ వ్యాపార రహస్యమనీ, సెక్షన్ 8(1)(డి) కింద ఇవ్వలేమనీ రాశారు. వ్యాపార రహస్యమంటే మందు తయారీ సూత్రం లాంటిది గానీ, మున్సిపాలిటీ సొమ్ముతో ఊడ్చేవాళ్లకు ఎంత ఇచ్చారన్నది కాదు. జవాబు అందిన 30 రోజుల్లో మొదటి అప్పీలు వేయాలి. అదే కార్యాలయంలో పై అధికారికి వేయాలి, రుసుము లేదు. అప్పీలులో మేము పెద్ద మాటలు రాయలేదు. ఇవి ప్రజాధనంతో చేసిన చెల్లింపుల పత్రాలనీ, పీఎఫ్ జాబితాలో అడిగింది నా సొంత వివరమేననీ, నిరాకరణ సరైనదని రుజువు చేసే బాధ్యత సెక్షన్ 19(5) ప్రకారం నిరాకరించిన అధికారి మీదే ఉందనీ మూడు వాక్యాలు రాశాం. ఆ అధికారి విచారణకు పిలిచారు. మర్యాదగానే మాట్లాడారు. నకళ్లు ఇవ్వమని ఉత్తర్వు ఇచ్చారు. నలభై ఆరు పేజీలు, తొంభై రెండు రూపాయలు.

ఆ నలభై ఆరు పేజీల్లో మాకు కావాల్సింది రెండు చోట్ల ఉంది. యజమాని వాటా పీఎఫ్‌ను కూడా లెక్కగట్టి పురపాలక సంఘం ప్రతి నెలా ఏజెన్సీకి చెల్లించింది. ఒక్క నెల కూడా ఆగలేదు. ఏజెన్సీ బిల్లుకు జతచేసిన చలానాల్లో మాత్రం కొన్ని నెలలకు అంతకు ముందు నెల చలానా నకలే మళ్లీ పెట్టి ఉంది. చలానా నంబరు అదే, తేదీ అదే. బిల్లు పాస్ చేసినవారు నంబరు చూడలేదో, చూసీ చూడనట్టు వదిలేశారో మేము చెప్పలేం. ఆ కాగితాలు జతచేసి నాయన పీఎఫ్ ప్రాంతీయ కార్యాలయానికి ఫిర్యాదు పెట్టాడు. ఇప్పటికి ఏడు నెలలది ఖాతాలో పడింది. నాలుగు నెలలది విచారణలో ఉంది. నాయనతో పాటు పనిచేసిన ఆరుగురు కూడా తమ పాస్‌బుక్ తెరిపించుకుని చూశారు. వాళ్లకూ అవే నెలలు లేవు.

ఇక్కడ భయం సంగతి చెప్పకపోతే ఈ వ్యాసం అబద్ధమవుతుంది. మొదట నాయన సంతకం పెట్టడానికి ఒప్పుకోలేదు. "కాగితం గెలుస్తావు, పని పోతుంది" అన్నాడు. ఆ భయం ఒట్టిది కాదు. ఏజెన్సీ కింద పనిచేసేవారిని రేపటి నుంచి రావద్దని చెప్పడానికి ఒక ఫోను చాలు. నాయన అప్పటికి కొత్త ఏజెన్సీలోకి మారాడు కనుక సంతకం పెట్టాడు. మీ ఇంట్లో అలాంటి వీలు లేకపోతే ఇంకో దారి ఉంది. దేశ పౌరులు ఎవరైనా అడగవచ్చు కనుక, ఆ పనితో సంబంధం లేని వ్యక్తి ఏ కార్మికుడి పేరూ రాయకుండా ఏజెన్సీ ఒప్పందం, నెలవారీ బిల్లులు, మొత్తం చలానాలు అడగవచ్చు. కార్మికుల వారీ జాబితా రాకపోవచ్చు. కానీ ఎంతమందికి బిల్లు పెట్టారు, ఎంతమందికి పీఎఫ్ కట్టారు అన్న రెండు అంకెలు పక్కపక్కన పెట్టుకుంటే చాలా సంగతులు బయటపడతాయి. ఒక్కరి సొంత రికార్డు కావాలంటే మాత్రం ఆ మనిషి సంతకమో వేలిముద్రో ఉండడమే మంచిది. కొడుకు పేరుతో తండ్రి రికార్డు అడిగితే "మూడో వ్యక్తి సమాచారం" అనేస్తారు.

ఈ "మూడో వ్యక్తి" అనే గోడ ఇప్పుడు ఇంకా ఎత్తయింది. ఉద్యోగ రికార్డులు అడిగేవారు ఇది తప్పక తెలుసుకోవాలి. సెక్షన్ 8(1)(జె) పాత రూపంలో, ప్రజా కార్యకలాపాలతో సంబంధం లేని వ్యక్తిగత సమాచారాన్ని, లేదా ఒకరి ఏకాంతంలోకి అకారణంగా చొరబడే సమాచారాన్ని మాత్రమే నిరాకరించవచ్చు. విస్తృత ప్రజా ప్రయోజనం ఉంటే అదీ ఇవ్వవచ్చు. శాసనసభకు ఇవ్వక తప్పని సమాచారాన్ని పౌరుడికీ నిరాకరించరాదు అనే మంచి వాక్యం కూడా దాని కింద ఉండేది. అప్పుడు కూడా 2012లో గిరీష్ రామచంద్ర దేశ్‌పాండే కేసులో సుప్రీంకోర్టు ఒక ఉద్యోగికి ఇచ్చిన మెమోలు, శిక్షలు, ఆస్తుల వివరాలు వ్యక్తిగత సమాచారమే అంది. 2017లో కెనరా బ్యాంకు కేసులో గుమాస్తాల బదిలీల వివరాలకూ అదే వర్తింపజేసింది. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ఆ సెక్షన్‌ను కుదించి "వ్యక్తిగత సమాచారం" అన్న మాట వరకే మిగిల్చింది. ఆ సవరణ 2025 నవంబరులో అమల్లోకి వచ్చింది. షరతులూ పోయాయి, కింది వాక్యమూ పోయింది. మా అభిప్రాయంలో ఇది బలహీనులకు జరిగిన నష్టం. పేరు లేకుండా మస్టర్ రోల్ ఉండదు. పేరంతా వ్యక్తిగతమే అంటే రాజస్థాన్ కూలీలు మొదట విన్న జవాబే మళ్లీ వినాల్సి వస్తుంది.

అయినా దారులు పూర్తిగా మూసుకుపోలేదు. సెక్షన్ 8(2) అలాగే ఉంది. రహస్యంగా ఉంచడం వల్ల కాపాడే దానికంటే బయటపెట్టడంలో ప్రజా ప్రయోజనం ఎక్కువైతే ఇవ్వవచ్చని అది చెబుతుంది. ఇక నుంచి ఇతరుల పేర్లున్న రికార్డు అడిగేటప్పుడు ఆ ప్రజా ప్రయోజనం ఏమిటో దరఖాస్తులోనే రెండు వాక్యాల్లో రాయడం మంచిది. కారణం చెప్పనక్కర లేదని పైన రాశాం, అది నిజమే. ఇక్కడ మాత్రం చెబితేనే లాభం. సెక్షన్ 4ను కూడా ఆ సవరణ ముట్టుకోలేదు. ప్రతి కార్యాలయం తన అధికారుల, ఉద్యోగుల నెల జీతాలను ఎవరూ అడగకుండానే ప్రకటించాలని 4(1)(బి) చెబుతుంది. ఒక నిర్ణయం వల్ల నష్టపోయిన మనిషికి దాని కారణాలు చెప్పాలని 4(1)(డి) చెబుతుంది. కారుణ్య నియామకం కోసం ఏళ్ల తరబడి తిరుగుతున్న కుటుంబాలు మన పూర్వ విద్యార్థుల్లో ఉన్నాయి. వాళ్లు "మా దరఖాస్తు ఎప్పుడు తేలుతుంది" అని రాయకుండా, 4(1)(డి)ని ప్రస్తావించి, దరఖాస్తు చేరిన నాటి నుంచి ఫైలు ఏ తేదీన ఎవరి దగ్గరికి వెళ్లిందో ఆ వివరమూ, నోట్‌ఫైలు నకలూ అడగాలి.

పోటీ పరీక్షలు రాసే తమ్ముళ్లకు. మీ జవాబు పత్రం మీరు చూడవచ్చని సుప్రీంకోర్టు 2011లో సీబీఎస్ఈ, ఆదిత్య బందోపాధ్యాయ కేసులో చెప్పింది. దిద్దినవారి పేరు మాత్రం ఇవ్వరు. జవాబు పత్రాలను కొంతకాలమే దాస్తారు, ఆ తర్వాత ధ్వంసం చేస్తారు. కనుక ఫలితాలు వచ్చిన నెలలోనే అడగండి. అయితే సివిల్ సర్వీసెస్ వంటి పరీక్షల్లో మార్కుల వివరాలను యాంత్రికంగా ఇవ్వమని ఆదేశించలేమని 2018లో యూపీఎస్సీ, అంగేశ్ కుమార్ కేసులో అదే కోర్టు అంది. నియామక సంస్థలు తరచూ ఈ తీర్పునే చూపిస్తాయి. మరోవైపు 2024 నవంబరులో బొంబాయి హైకోర్టు, పుణె జిల్లా కోర్టు గుమాస్తా ఉద్యోగాల కేసులో ఇతర అభ్యర్థుల మార్కులు కూడా ఇవ్వాలంది. ప్రభుత్వ ఉద్యోగానికి పోటీపడినవారి మార్కులు దాచిపెట్టాల్సినవి కావన్నది దాని సారం. అది 2025 సవరణకు ముందటి తీర్పు అని గుర్తుంచుకోండి.

మార్కుల కంటే మనం ఎక్కువగా అడగాల్సినది, అతి తక్కువగా అడుగుతున్నది రోస్టరు రిజిస్టరు. రెండు రాష్ట్రాల్లోనూ నియామకాలు 1996 నాటి స్టేట్ అండ్ సబార్డినేట్ సర్వీసు నిబంధనల్లోని రూల్ 22 ప్రకారం రోస్టరు వరుసలో జరగాలి. ఏ ఖాళీ ఎవరిదో ఆ వరుస చెబుతుంది. ఎస్సీలకు రెండు చోట్లా 15 శాతం. ఎస్టీలకు ఆంధ్రప్రదేశ్‌లో 6, తెలంగాణలో 2022 నుంచి 10 శాతం. 2025లో రెండు రాష్ట్రాలూ ఎస్సీ వర్గీకరణ తెచ్చాక ఎస్సీల వాటాలోనూ గ్రూపులు వచ్చాయి. ఇక్కడ మెలిక ఏమిటంటే, ఒక నియామకం ముగిశాక తర్వాతి నియామకం అంతకు ముందు ఆగిన పాయింటు దగ్గర నుంచి మొదలవ్వాలి. మళ్లీ ఒకటి నుంచి మొదలుపెడితే మన పాయింట్లు ఎప్పటికీ రాకపోవచ్చు. చిన్న క్యాడర్లలో, అంటే ఒకటో రెండో ఖాళీలు వచ్చేచోట, ఇది ఎవరి కంటికీ కనబడదు. అర్హులు దొరక్క నిండని రిజర్వుడు ఖాళీలు బ్యాక్‌లాగ్‌గా ముందుకు సాగాలి. అవి సాగాయా, మధ్యలో మాయమయ్యాయా అన్నది కూడా ఆ రిజిస్టరులోనే తెలుస్తుంది.

కనుక ఇలా అడగండి: "మీ కార్యాలయంలో ఫలానా క్యాడర్‌కు సంబంధించి ఫలానా సంవత్సరం నుంచి ఇప్పటి వరకు రోస్టరు రిజిస్టరు నకలు, చివరిగా భర్తీ చేసిన రోస్టరు పాయింటు సంఖ్య, రిజర్వుడు బ్యాక్‌లాగ్ ఖాళీల జాబితా. పేర్లు అవసరం లేదు, పాయింటు, వర్గం, భర్తీ తేదీ చాలు." పేర్లు వద్దన్నాక వ్యక్తిగత సమాచారం అనడానికి వీలుండదు. రోస్టరు రిజిస్టరు ఏ ఒక్కరి సొంతమూ కాదు. మా పీజీ మిత్రులం ముగ్గురం మూడు కార్యాలయాలకు ఇలా వేశాం. ఒకరికి పూర్తి నకలు వచ్చింది. ఒకరిని వచ్చి చూసుకోమన్నారు, అదీ మంచిదే, మొదటి గంట రుసుము ఉండదు. మూడో కార్యాలయం "రిజిస్టరు అందుబాటులో లేదు" అని రాతపూర్వకంగా ఇచ్చింది. చాలామంది దీన్ని ఓటమి అనుకుంటారు. నిజానికి రోస్టరు రిజిస్టరు లేకుండా నియామకాలు చేశామని ఒక కార్యాలయం సంతకం పెట్టి ఇచ్చిన కాగితం అది. ఎస్సీ కమిషన్‌కు పంపడానికి అంతకంటే మంచి జత ఉండదు.

30 రోజులు దాటినా జవాబు రాకపోతే అది నిరాకరణ కిందే లెక్క. అప్పుడు సమాచారం ఉచితంగా ఇవ్వాలని సెక్షన్ 7(6) చెబుతుంది. మొదటి అప్పీలును 30 రోజుల్లో, మించితే 45 రోజుల్లో తేల్చాలి. తేలకపోయినా, మనకు వ్యతిరేకంగా తేలినా 90 రోజుల్లో రాష్ట్ర సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు. తప్పు చేసిన అధికారికి కమిషన్ రోజుకు 250 రూపాయలు, గరిష్ఠంగా 25,000 రూపాయల జరిమానా వేయవచ్చు. చెప్పుకోవడానికి బాగానే ఉంది. కానీ తెలంగాణ కమిషన్‌లో 2023 ఫిబ్రవరి నుంచి 2025 మే వరకు ఒక్క కమిషనరు కూడా లేరు. రెండేళ్లకు పైగా అప్పీళ్లు పేరుకుపోయాయి. అందుకే మొదటి అప్పీలు దగ్గరే పని తేలేలా, ప్రశ్న చిన్నగా, కాగితం పేరు స్పష్టంగా రాయడం మీద శ్రమ పెట్టమంటున్నాం. ఒకే దరఖాస్తులో ఇరవై ప్రశ్నలు వేయకండి. దరఖాస్తు చేతికిస్తే తేదీతో ముద్ర వేయించుకోండి, పంపితే స్పీడ్ పోస్టులో పంపి చేరిన రుజువు దాచుకోండి. ఆ తేదీ లేకపోతే 30 రోజులు ఎప్పటి నుంచి లెక్కించాలో మనకే తెలియదు.

వార్షికోత్సవం మర్నాడు ఆదివారం ఉదయం పది గంటలకు మేము, మా మిత్రులు ఇద్దరు భోజనాల హాలులో కూర్చుంటాం. ఇంట్లో ఎవరి ఉద్యోగ రికార్డు గురించైనా దరఖాస్తు రాయించుకోవాలనుకునేవారు రండి. వచ్చేటప్పుడు జీతం చీటీ గానీ గుర్తింపు కార్డు గానీ ఏదో ఒకటి, రేషన్ కార్డు నకలు, పీఎఫ్ నంబరు తెలిస్తే అదీ తెచ్చుకోండి. నంబరు తెలియకపోయినా ఫరవాలేదు, పాస్‌బుక్ ఎలా తెరవాలో ముందు అదే చూద్దాం. ఆ రోజు మొదటి దరఖాస్తు మన వంటగది కామాటి అన్నది. తన పాత ఏజెన్సీ కాలం నాటి హాజరు పట్టీ కావాలట.